వాక్యూమ్ గ్లాసుకు అంచు సీలు: కడగడం నుంచి ట్యూబు మూసేదాకా

వాక్యూమ్ గ్లాసు అంటే రెండు అద్దాల మధ్య గాలి లాగేసి, అంచులు మూసి, వేడి దాటకుండా చేసిన కిటికీ పలక. అలాంటిది ఒక చదరపు మీటరు తీసుకోండి. రెండు అద్దాల మధ్య సందు 0.2 మి.మీ. అంటే లోపలి ఖాళీ మొత్తం కలిపి 200 మిల్లీలీటర్లు, రెండు చాయ్ గ్లాసులంత. ఆ ఖాళీలో ఒత్తిడి 0.1 పాస్కల్ దాటకూడదు. 20 ఏళ్లపాటు అలాగే ఉండాలి. 20 ఏళ్లంటే దాదాపు 63 కోట్ల సెకన్లు. లెక్క కడితే, అంచు సీలు గుండా సెకనుకు 3×10⁻¹³ మిల్లీబార్-లీటర్ కంటే ఎక్కువ గాలి లోపలికి రాకూడదు. మామూలు హీలియం లీక్ డిటెక్టర్ 10⁻¹² దరిదాపుల్లోనే ఆగిపోతుంది. మిషన్ మీద "లీకు లేదు" అని వచ్చినంత మాత్రాన సీలు పాసైనట్టు కాదు. ఈ పనిలో ప్రతి దశలోనూ అంత పట్టుదల ఎందుకో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

లోపల గెట్టర్, అంటే వాయువులను పీల్చుకునే లోహం, పెడితే లెక్క కొంత సడలుతుంది. గెట్టర్ నైట్రోజన్, ఆక్సిజన్, నీటి ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాటిని పీల్చుకుంటుంది గానీ ఆర్గాన్‌ను ముట్టదు. గాలిలో ఆర్గాన్ 0.93 శాతం. గెట్టర్ సామర్థ్యం సరిపోయినంతకాలం ఒత్తిడి పెంచేది ఆ ఆర్గాన్ ఒక్కటే కాబట్టి, గాలి లీకు 3×10⁻¹¹ దాకా తట్టుకోవచ్చు. ఇది డిటెక్టర్‌కు అందే అంకె. అందుకే గెట్టర్ లేకుండా వాక్యూమ్ గ్లాసు చేయొద్దు.

ఒత్తిడి పెరిగితే నష్టం ఎంత? 0.1 పాస్కల్ దగ్గర లోపలి గాలి గుండా వెళ్లే వేడి చదరపు మీటరుకు, డిగ్రీకి 0.08 వాట్లు. 1 పాస్కల్‌కు చేరితే 0.8. మంచి వాక్యూమ్ గ్లాసు మొత్తం యు-విలువే (పలక గుండా పోయే మొత్తం వేడి, అదే కొలతలో) 0.5 నుంచి 0.7 మధ్య ఉంటుంది. అంటే 1 పాస్కల్ దగ్గరికి వచ్చేసరికి పెట్టిన ఖర్చులో చాలా భాగం పోయినట్టే, అయినా కంటికి ఏమీ కనపడదు. డబుల్ గ్లేజింగ్‌కు వాడే బ్యూటైల్, సిలికాన్ ఇక్కడ ఎందుకు పనికిరావో దీన్నిబట్టే తెలుస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు జాతి పదార్థాలన్నిటి గుండా గాలి, తేమ నెమ్మదిగా పాకుతాయి. గాజు గానీ లోహం గానీ తప్ప వేరేది ఈ ఒత్తిడిని నిలబెట్టదు.

ఏ సీలు ఎంచుకోవాలి

మూడు దారులున్నాయి. మొదటిది ఫ్రిట్, అంటే తక్కువ వేడికే కరిగే గాజుపొడి. 1989లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో కాలిన్స్ బృందం మొదటిసారి పనిచేసే వాక్యూమ్ గ్లాసు తయారుచేసింది ఈ దారిలోనే. 450 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల సీలవుతుంది. పాతకాలపు ఫ్రిట్లలో సీసం ఉండేది, ఇప్పుడు బిస్మత్ రకాలు దొరుకుతున్నాయి. పొడి కలిపేటప్పుడు ముక్కులోకి వెళ్లే ప్రమాదం ఉంది కాబట్టి సీసం లేనిదే తీసుకోండి. అది వాడినా మాస్కు తప్పనిసరి.

రెండోది ఇండియం లోహంతో టంకం. ఇండియం 156.6 డిగ్రీలకే కరుగుతుంది కనుక టఫెన్డ్ గ్లాసు (వేడిచేసి, వెంటనే చల్లార్చి గట్టిపరిచిన అద్దం) బలం చెడదు. అద్దానికి పట్టాలంటే అల్ట్రాసోనిక్ టంకం కడ్డీ కావాలి. ఫ్లక్స్ మాత్రం అసలు వేయకూడదు. వెండి పనిలో టంకానికి వెలిగారం వేసే అలవాటు ఉన్న చేతులు ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. ఫ్లక్స్ మిగులు వాక్యూమ్‌లో ఏళ్ల తరబడి ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఇండియం ఖరీదెక్కువ, మెత్తన. తేమ నుంచి కాపాడటానికి బయటివైపు ఎపాక్సీ పూత కూడా కావాలి.

మూడోది వెనేడియం-టెల్లూరియం ఫ్రిట్. 400 డిగ్రీల లోపే సీలవుతుంది కాబట్టి టఫెన్డ్ గ్లాసుకు దీన్నే చూస్తారు. కానీ టఫెన్ చేసిన అద్దం రోలర్ల మీద వెళ్లొచ్చి కొద్దిగా అలలు తిరిగి ఉంటుంది. ఆ అలల వల్ల సందు ఒకచోట 0.2, ఇంకోచోట 0.4 మి.మీ. అవుతుంది. మొదటిసారి చేసేవాళ్లు మామూలు ఎనీల్డ్ (టఫెన్ చేయని) ఫ్లోట్ గ్లాసు, బిస్మత్ ఫ్రిట్‌తోనే మొదలుపెట్టాలి. ఇకపై చెప్పేదంతా దాని గురించే.

గ్లాసు కోత, రంధ్రం, పూత తీయడం

నమూనాగా 4 మి.మీ. అద్దాలు రెండు తీసుకుందాం. కింది అద్దం 1000×600 మి.మీ., పై అద్దం 988×588. పై అద్దాన్ని మధ్యలో పెడితే చుట్టూ 6 మి.మీ. మెట్టు మిగులుతుంది. ఫ్రిట్‌ను ఆ మెట్టు మీద పోస్తాం. కరిగినప్పుడు అది తనంతట తానే సందులోకి 4–5 మి.మీ. పాకుతుంది. రెండు అద్దాల మధ్యనే ఫ్రిట్ పెట్టి పైన బరువు మోపే పద్ధతి కూడా ఉంది, కానీ అందులో బైండర్ (పొడిని పేస్టుగా పట్టి ఉంచే జిగురు) కాలిన పొగకు బయటికి దారి ఇరుకవుతుంది. చిన్న యూనిట్‌కు మెట్టు పద్ధతే మంచిది.

లోపలి గాలిని లాగే ట్యూబు కోసం, ఓ మూలకు దగ్గర్లో, రెండు అంచుల నుంచీ 50 మి.మీ. లోపలికి, పై అద్దంలో 3 మి.మీ. రంధ్రం డైమండ్ డ్రిల్‌తో, నీళ్లు పోస్తూ వేయండి. అంచులన్నీ గ్రైండ్ చేయాలి. కట్టర్ గీత వదిలిన సన్నని పగుళ్లే తర్వాత ఫర్నేసులో పెద్దవవుతాయి.

ఇక లో-ఈ పూత, అంటే వేడి కిరణాలను వెనక్కి తిప్పే పలుచని పూత. మెత్తని వెండి పూత అయితే వేడి తట్టుకునే రకమే తీసుకోవాలి, లేకపోతే 450 డిగ్రీల దగ్గర పాడవుతుంది. గట్టి టిన్ ఆక్సైడ్ పూత నిలుస్తుంది. ఏదైనా సరే, పూత ఉన్న వైపు అంచు నుంచి 15 మి.మీ. మేర గ్రైండింగ్ చక్రంతో పూర్తిగా తీసేయాలి. లేదంటే ఫ్రిట్ అద్దానికి కాకుండా పూతకు అతుక్కుంటుంది. పూత పోయిందో లేదో కంటికి తెలియదు. మల్టీమీటర్ ప్రోబులు రెండూ ఆ పట్టీ మీద ఆనించి చూడండి. రెసిస్టెన్స్ ఏదైనా చూపిస్తే పూత ఇంకా ఉన్నట్టే. వానకాలంలో మెత్తని పూత గాలిలోని తేమకే మచ్చలు పడుతుంది కాబట్టి కోసిన అద్దాన్ని రోజుల తరబడి రాక్‌లో ఉంచొద్దు.

కడగడం

మా చుట్టుపక్కల జిల్లాల బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే తెల్లని చుక్కలు మిగులుతాయి. ఫ్రిట్ వాటి మీద పారదు. మొదటి కడుగు సబ్బునీటితో చేసినా, చివరి రెండు కడుగులు డీఅయనైజ్డ్ నీటితోనే చేయాలి. కండక్టివిటీ 5 మైక్రోసీమెన్స్ లోపు ఉండాలి. ఫిల్టర్ వేసిన గాలితో ఆరబెట్టండి. కంప్రెసర్ గాలిలో నూనె ఆవిరి ఉంటుంది, నూనె ఫిల్టర్ లేకుండా అద్దం మీదికి ఊదొద్దు. తర్వాత చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. శుభ్రత చూడటానికి నీటి పొర చాలు: అద్దం మీద నీళ్లు పలుచగా విరగకుండా పరుచుకుంటే శుభ్రం, పూసలుగా విడిపోతే మళ్లీ కడగాలి.

పిల్లర్లు పేర్చడం

పిల్లర్లంటే రెండు అద్దాలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పెట్టే 0.5 మి.మీ. వ్యాసం, 0.2 మి.మీ. ఎత్తున్న స్టెయిన్‌లెస్ స్టీల్ బిళ్లలు. 25 మి.మీ. దూరంలో పేరిస్తే ఒక్కోదాని మీద దాదాపు 63 న్యూటన్లు, అంటే ఆరున్నర కిలోల బరువు పడుతుంది. మొత్తం పలక మీద వాతావరణం మోపే బరువు ఆరు టన్నుల పైమాటే. ఒక పిల్లర్ లేచిపోయినా, రెండు ఒకదానిమీద ఒకటి పడినా అక్కడ అద్దం విరగొచ్చు. ఈ నమూనాకు 900 దాకా కావాలి. స్టెన్సిల్ పలకలో రంధ్రాలు చేసుకుని పేరిస్తే చేయి తప్పదు. మొదటి వరుస పై అద్దం అంచుకు కనీసం 15 మి.మీ. లోపల ఉండాలి, లేకపోతే పాకే ఫ్రిట్ పిల్లర్‌ను పట్టుకుంటుంది.

పిల్లర్లు పేర్చే బల్ల గురించి ఒక మాట. కరీంనగర్ గ్రానైట్ పలక దగ్గర్లోనే దొరుకుతుందని వంటింటి ప్లాట్‌ఫారానికి పాలిష్ చేసినదాన్ని వాడాలనిపిస్తుంది. మెరుపు వేరు, సమతలం వేరు. 0.2 మి.మీ. సందు కోసం పనిచేస్తున్నప్పుడు ల్యాపింగ్ చేసి కొలిచిన సర్ఫేస్ ప్లేటే కావాలి.

ఫ్రిట్ పేస్టు

ఫ్రిట్ వ్యాకోచ గుణకం అద్దంతో సరిపోవాలి. సోడా-లైమ్ గ్లాసుది డిగ్రీకి 9×10⁻⁶ దగ్గర. ఫ్రిట్‌ది దానికంటే కొద్దిగా తక్కువ ఉండాలి. అప్పుడు చల్లారాక ఫ్రిట్ నొక్కుడులో ఉంటుంది, గాజు నొక్కుడును బాగా తట్టుకుంటుంది. ఎక్కువైతే ఫ్రిట్ లాగుడులో పడి, అడ్డంగా సన్నని చీలికలు వస్తాయి. ఆ చీలికలు ఒక్కోసారి మరుసటి రోజు గానీ కనిపించవు.

కొలత ఇలా: సందులో 5 మి.మీ.×0.2 మి.మీ., అంటే 1 చదరపు మి.మీ. మెట్టు మూలలో మిగిలే త్రికోణం ఇంకో 3. మొత్తం 4 చదరపు మి.మీ. మీటరు పొడవుకు 4 ఘన సెం.మీ. ఫ్రిట్ సాంద్రత 6.5 అనుకుంటే మీటరుకు 26 గ్రాములు. పై అద్దం చుట్టుకొలత 3.15 మీటర్లు కాబట్టి పొడి 82 గ్రాములు, 88 శాతం పొడి ఉన్న పేస్టు అయితే దాదాపు 93 గ్రాములు. సిరంజిలో, ట్యూబు చుట్టూ పోయేదానికి కలిపి 110 గ్రాములు కలుపుకోండి. తడి పూస 3 మి.మీ. వెడల్పు, రెండున్నర మి.మీ. ఎత్తు వస్తుంది.

బైండర్‌గా నైట్రోసెల్యులోజ్‌ను అమైల్ ఎసిటేట్‌లో కరిగించినది వాడితే తక్కువ వేడికే కాలిపోతుంది. ఇథైల్ సెల్యులోజ్ రకానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. అమైల్ ఎసిటేట్‌కు అరటిపండు వాసన వస్తుంది, ఇట్టే అంటుకుంటుంది. గదిలో గాలి ఆడాలి, దగ్గర మంట ఉండకూడదు. పొడిని వాడే ముందు 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి డెసికేటర్‌లో ఉంచండి. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఈ అడుగు దాటవేస్తే సీలు నిండా బుడగలే.

పూసను ఒకే వేగంతో, మధ్యలో ఆపకుండా వేయాలి. మొదలు, చివర కలిసే చోటు మూలలో కాకుండా పొడవు వైపు మధ్యలో పెట్టుకోండి. మూలల్లో లాగుడు ఎక్కువ. పంపింగ్ ట్యూబు కూడా ఇప్పుడే రంధ్రంలో నిలబెట్టి చుట్టూ ఫ్రిట్ ఉంగరం వేయాలి. ఆ ట్యూబు సోడా-లైమ్ గాజుదే అయి ఉండాలి. ల్యాబ్ సామాన్ల షాపులో సులువుగా దొరికేది బోరోసిలికేట్. దాని వ్యాకోచం 3.3×10⁻⁶ మాత్రమే. చల్లారేటప్పుడు ట్యూబు మొదట్లో కచ్చితంగా పగులుతుంది.

ఫర్నేసు

ఫర్నేసు డిస్‌ప్లే చెప్పే వేడిని నమ్మొద్దు. అది గాలి వేడి. నాలుగు మూలల్లో, మధ్యలో అద్దానికే కె-టైప్ థర్మోకపుల్స్ అంటించి చూడాలి. అద్దంలో ఒక చోటుకు, ఇంకో చోటుకు ఒక డిగ్రీ తేడా ఉంటే దాదాపు 0.6 మెగాపాస్కల్ దాకా ఒత్తిడి పుడుతుంది. 15 డిగ్రీల తేడాకు 9 మెగాపాస్కల్స్. గ్రైండ్ చేసిన అంచు తట్టుకుంటుంది గానీ 40 డిగ్రీల తేడాను తట్టుకుంటుందన్న భరోసా లేదు.

బిస్మత్ ఫ్రిట్‌కు మొదటి ప్రయత్నంగా ఈ క్రమం పెట్టుకుని, ఫ్రిట్ తయారీదారు ఇచ్చిన పత్రం ప్రకారం సరిచేసుకోండి. 120 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆరబెట్టాలి. నిమిషానికి 3 డిగ్రీల చొప్పున 320కి తీసుకెళ్లి, అక్కడ గంటసేపు గాలి ఆడిస్తూ ఉంచాలి. తర్వాత అదే వేగంతో 450–460కి చేర్చి 15–20 నిమిషాలు ఉంచాలి. చల్లార్చేటప్పుడు 300 దాకా నిమిషానికి 2 డిగ్రీలకు మించకూడదు. ఆపై కూడా తలుపు తీయకుండా 60 డిగ్రీల దాకా ఆగాలి.

ఎక్కువ పలకలు పోయేది 320 దగ్గరి ఆ గంటలో తొందరపడటం వల్లే. బైండర్ పూర్తిగా కాలకపోతే మిగిలిన కార్బన్ బిస్మత్ ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. లోహపు బిస్మత్ నల్లని గీతల్లా విడిపోతుంది. ఆ గీతల వెంట సీలు బలహీనమై, లీకు దారులు పడతాయి. సీలు బూడిద నలుపులో కనిపిస్తే ఫ్రిట్‌ను తప్పుపట్టకండి, ముందు గాలి సరఫరా చూడండి.

ఇంకో సంగతి కరెంటు. 450 దగ్గర ఉన్నప్పుడు కరెంటు పోతే తలుపు ముట్టుకోకండి, మంచి ఇన్సులేషన్ ఉన్న ఫర్నేసు తనంతట తానే నెమ్మదిగా చల్లారుతుంది. మామూలు గాజు ఫ్రిట్‌ను మళ్లీ వేడిచేసి పని పూర్తిచేయొచ్చు. స్ఫటికంగా మారే రకం ఫ్రిట్ అయితే రెండోసారి కరగదు, ఆ పలక పోయినట్టే. అందుకని ఏ రకం కొంటున్నారో ముందే అడిగి తెలుసుకోండి. కంట్రోలర్‌కూ వాక్యూమ్ పంపులకూ యూపీఎస్ తప్పనిసరి.

బయటికి తీశాక చూడాల్సినవి

కింది అద్దం వెనక నుంచి టార్చి వేసి సీలు చుట్టూ చూడండి. ఫ్రిట్ బాగా తడిపిన చోట రంగు ఒకే తీరుగా ముదురుగా ఉంటుంది. అతుక్కోని చోట వెలిసిపోయిన వెండిలా మెరుస్తుంది. సందులోకి పాకిన గీత 4 మి.మీ. కంటే తక్కువున్న చోట గుర్తు పెట్టండి. తర్వాత గాజులో నిలిచిపోయిన ఒత్తిడి (స్ట్రెస్) చూడాలి. పోలరైజర్ షీట్లు రెండు తీసుకుని ఒకదానికొకటి అడ్డంగా తిప్పి, మధ్యలో పలకను పెట్టి, వెనక లైటు వేస్తే ఒత్తిడి ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. ఈ షీట్లు ఎల్‌సీడీ తెరలు బాగుచేసే షాపుల్లో దొరుకుతాయి. మూలల్లో వెలుగు గట్టిగా కనిపిస్తే చల్లార్చే వేగం తగ్గించాలి.

హీలియం పరీక్ష, పంపింగ్

ట్యూబును లీక్ డిటెక్టర్‌కు కలిపి, హీలియంను పైనుంచి కిందికి చల్లుతూ రండి. హీలియం తేలిక, పైకి పోతుంది. కింద మొదలుపెడితే ఎక్కడో పైనున్న లీకు కింద ఉన్నట్టు కనిపిస్తుంది. 0.2 మి.మీ. సందులో హీలియం ట్యూబు దాకా రావడానికి సమయం పడుతుంది కాబట్టి ఒక చోట చల్లి రెండు సెకన్లలో ముందుకు పోవద్దు. చివర్లో పలక మొత్తాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి హీలియం నింపి 15 నిమిషాలు ఉంచండి. అంకె 10⁻¹¹ శ్రేణిలోకి కూడా దిగకపోతే పంపింగ్‌కు పంపొద్దు.

పాసైన పలకను 250 డిగ్రీల దగ్గర వేడిలో ఉంచి టర్బో పంపుతో 3–4 గంటలు లాగాలి. గాజు ఉపరితలానికి పట్టుకున్న నీటి పొర వేడి లేకుండా వదలదు. వానకాలంలో ఇంకో గంట కలపండి. వేడి ఎంత పెంచినా, లోపల వాక్యూమ్ ఉన్నప్పుడు ఫ్రిట్ మెత్తబడే ఉష్ణోగ్రతకు 50 డిగ్రీల దూరంలోనే ఉండాలి. లేకపోతే సీలులోని చిన్న బుడగలు ఉబ్బి నురగలా అయిపోతాయి. మీటరు చూపేది పంపు దగ్గరి ఒత్తిడి, అద్దాల మధ్యది కాదు. అక్కడ 10⁻⁵ మిల్లీబార్ వచ్చిందని వెంటనే ఆపకండి. పంపింగ్ జరుగుతున్నంతసేపూ పలక మీద ఇనుప జాలీ, కళ్లకు అద్దాలు ఉండాలి.

ట్యూబు మూసే ముందు, మూయబోయే చోటును చుట్టు హీటర్‌తో కరగనంత వేడిలో కొన్ని నిమిషాలు ఉంచి లాగనివ్వండి. కరిగే గాజు నీటి ఆవిరిని వదులుతుంది. ముందే వదిలించకపోతే అది నేరుగా లోపల చిక్కుకుంటుంది. ఆ తర్వాత కరిగించి, సన్నగా లాగి, మూయాలి. ట్యూబు కొనకు లోహపు టోపీ పెట్టండి. బిగించేటప్పుడు తగిలి విరిగేది ఆ కొనే. జిర్కోనియం-వెనేడియం-ఐరన్ గెట్టర్‌ను దాని పత్రంలో చెప్పిన వేడికి, చెప్పినంత సేపు బయటి నుంచి ఇండక్షన్‌తో వేడిచేసి మేల్కొలపాలి.

అసలు పరీక్ష

పలకకు ఒకవైపు 50 డిగ్రీల వేడి ప్లేటు ఆనించి, రెండోవైపు మధ్యలో ఉష్ణోగ్రత కొలిచి రాసుకోండి. అదే గది వేడిలో, అదే ప్లేటుతో 30వ రోజు, 90వ రోజు మళ్లీ కొలవండి. రెండోవైపు ప్రతిసారీ ఇంకాస్త వేడెక్కుతుంటే సీలు కారుతోందని అర్థం, డిటెక్టర్ ఏం చెప్పినా సరే. యు-విలువను పద్ధతిగా కొలవాలంటే 2018 నాటి ఐఎస్ఓ 19916-1 ప్రమాణం చూడండి. ఈ 90 రోజులు గడవకుండా ఏ పలకనూ కొనుగోలుదారుకు ఇవ్వకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

బిగించే చోటు సంగతి కూడా సీలు వేసేవాళ్లకే తెలిసి ఉండాలి. గదిలో ఏసీ 24 డిగ్రీలు, బయట 44 అనుకుంటే మీటరు పొడవుకు రెండు అద్దాల వ్యాకోచంలో తేడా 0.18 మి.మీ. మే నెలలో రామగుండం వైపు పడమటి ఎండ నేరుగా పడే కిటికీలో బయటి అద్దం 64 డిగ్రీలకు చేరితే అది 0.36 మి.మీ. అవుతుంది. గట్టి ఫ్రిట్ సీలు ఆ తేడాను జారనివ్వదు కాబట్టి పలక బయటివైపుకు వంగుతుంది. ఫ్రేమ్ గట్టిగా పట్టేస్తే ఆ వంపుకు చోటుండదు, భారమంతా అంచు మీద పడుతుంది. చుట్టూ 3 మి.మీ. ఖాళీ, కింద మెత్తని రబ్బరు దిమ్మెలు, రెండువైపులా మెత్తని గాస్కెట్ పెట్టించండి. ఫ్రేమ్ అంచు సీలును దాటి కనీసం 20 మి.మీ. కప్పాలి, ఎందుకంటే సీలు గుండా పోయే వేడి మధ్యభాగం కంటే చాలా ఎక్కువ.